పన్నెండు రోజుల కానుకలకు కోటి తొంభై ఆరు లక్షలు!

అమెరికాలో ఒక బ్యాంకు క్రిస్మస్ పాటలోని కానుకలకు ఏటా ధర కడుతుంది. అదే చిట్టీ పట్టుకొని సిద్దిపేట బజారుకు వస్తే ఏం దొరుకుతుంది? ఏది కొంటే జైలుకు పోవాలి?

ప్రేమించినవాడు కానుకలిస్తే ఎవరికి చేదు? కానీ ఈ ప్రేమికుడి పద్ధతి వేరు. క్రిస్మస్ నాడు మొదలుపెడతాడు. ఒక పియర్ చెట్టు, దాని మీద ఒక కౌజు పిట్ట పంపిస్తాడు. రెండో రోజు రెండు గువ్వలు పంపిస్తాడు. అక్కడితో ఊరుకోడు. నిన్నటి చెట్టునూ పిట్టనూ మళ్లీ పంపిస్తాడు. మూడో రోజు మూడు ఫ్రెంచి కోళ్లు, వాటితోపాటు ఇంకో రెండు గువ్వలు, ఇంకో చెట్టు, ఇంకో పిట్ట. నాలుగో రోజు కూసే పక్షులు నాలుగు, అయిదో రోజు బంగారు ఉంగరాలు అయిదు, ఆరో రోజు గుడ్లు పెట్టే బాతులు ఆరు, ఏడో రోజు ఈదే హంసలు ఏడు. ఎనిమిదో రోజు నుంచి మనుషులు దిగుతారు. పాలు పితికే పడుచులు ఎనిమిది మంది, నాట్యమాడే స్త్రీలు తొమ్మిది మంది, గెంతే దొరలు పది మంది, పీపీలు ఊదేవాళ్లు పదకొండు మంది, డోళ్లు వాయించేవాళ్లు పన్నెండు మంది. జనవరి 5 నాటికి జాబితా ముగుస్తుంది. ఇంటివాళ్ల కష్టం మాత్రం అప్పుడే మొదలవుతుంది.

‘ది ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్’ అనే ఈ ఆంగ్ల పాటలో మొత్తం కానుకలు 364. కూర్చొని కూడితే అందులో 184 పక్షులు, 40 ఉంగరాలు, 140 మంది మనుషులు. చెట్లు పన్నెండు. సిద్దిపేటలో రెండు గదులు, ఒక వంటిల్లు ఉన్న సగటు ఇంటికి ఇవన్నీ చేరాయనుకోండి. గువ్వలు సజ్జ మీద సర్దుకుంటాయి. కోళ్లను గంప కింద కమ్మొచ్చు. మిషన్ భగీరథ నల్లా వచ్చే వేళకు నలభై రెండు హంసలు బకెట్ల దగ్గర వరస కడితే ఏం చేయాలి? నూట నలభై మందికి పొద్దున చాయ్ ఎవరు పెట్టాలి? పాట రాసినవాడికి ఈ దిగులు ఉన్నట్టు లేదు.

ఆ దిగులు ఒక బ్యాంకుకు పట్టింది.

అమెరికాలోని పిఎన్‌సి బ్యాంకు ఏటా క్రిస్మస్ ముందు ఈ కానుకలకు ధర కట్టి ప్రకటిస్తుంది. పేరు క్రిస్మస్ ప్రైస్ ఇండెక్స్. 1984లో మొదలైంది. పండుగ వేళ పనులు మందగించినప్పుడు ఆర్థికవేత్తలకు కాస్త కాలక్షేపం, ఖాతాదారులకు కాస్త నవ్వు. అప్పట్లో మొత్తం 12,623 డాలర్లు తేలింది. 2025లో 51,476 డాలర్లు. ఇది ఒక్కో కానుకను ఒక్కసారే కొంటే అయ్యే లెక్క. పాటలో చెప్పినట్టు 364 కొనాలంటే 2 లక్షల 18 వేల డాలర్లు దాటుతుంది. డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే మొదటిది 46 లక్షల చిల్లర, రెండోది కోటి 96 లక్షల చిల్లర. ఇంత పెట్టేవాడు హంసలు కొంటాడా, హైదరాబాద్‌లో ఫ్లాటు కొంటాడా అన్నది వేరే సంగతి.

నవ్వులాటే అయినా లెక్క మాత్రం గట్టిది. పక్షుల ధరలకు పిట్స్‌బర్గ్‌లోని నేషనల్ ఏవియరీని అడుగుతారు. నాట్యానికి ఫిలడెల్ఫియాలోని డాన్స్ సంస్థల్ని అడుగుతారు. ఉంగరాలకు నగల దుకాణం. పాలు పితికే పడుచులకైతే ఎవర్నీ అడగనక్కర్లేదు, చట్టంలోనే రాసి ఉంటుంది. ఆ మాట తర్వాత.

ముందు హంసల సంగతి. ఏడు హంసలు 13,125 డాలర్లు. జాబితాలోని పక్షుల్లో ఇంత ఖరీదైంది ఇంకోటి లేదు. ఒకప్పుడు వీటి ధర ఏడాదికో తీరుగా ఎగిరేది, పడేది. ఒక్క హంసల వల్ల మొత్తం సూచీ అటూ ఇటూ ఊగిపోతుంటే బ్యాంకువాళ్లు హంసల్ని పక్కనపెట్టి మరో లెక్క కూడా వేయడం మొదలుపెట్టారు. దానికి ‘కోర్’ సూచీ అని పేరు. రిజర్వు బ్యాంకు వార్తలు చదివేవాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. తిండి, ఇంధనం ధరలు కుదురుగా ఉండవని వాటిని తీసేసి ‘కోర్ ద్రవ్యోల్బణం’ చెప్తారు చూడండి, ఇదీ అదే. అక్కడ హంసలు, ఇక్కడ టమాటాలు. టమాటా కిలో వంద దాటిన నెలలో ‘కోర్ అదుపులోనే ఉంది’ అని టీవీలో విన్న గృహిణికి కలిగే ఆనందం ఎంతటిదో వేరే చెప్పాలా?

ఇక చిట్టీ పట్టుకొని సిద్దిపేటకు వద్దాం. మొదటి వస్తువు దగ్గరే ఆగిపోతాం. మన పొలాల గట్ల మీద, తుప్పల్లో పరుగులు పెట్టే అడవి కౌజును పట్టినా అమ్మినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. హోటల్ బోర్డు మీద ‘కౌజు పిట్టల ఫ్రై’ అని కనిపించేది ఫారాల్లో పెంచే జపనీస్ క్వెయిల్, దాని జాతి వేరు. పియర్ చెట్టు మన ఎండకు నిలవదు. పండు కావాలంటే చలి ప్రాంతాల నుంచి లారీ ఎక్కి వస్తుంది. చెట్టే కావాలంటే గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే సీతాఫలం చెట్టుతో సరిపెట్టుకోవాలి. దానికి డబ్బూ అక్కర్లేదు.

నాలుగు కూసే పక్షుల కిందికి రామచిలుకలు తెద్దామంటే అదే చట్టం మళ్లీ ఎదురొస్తుంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని పంజరంలో తెచ్చి చూపించి పైసలడగడం కూడా నేరమే. అది రాష్ట్ర పక్షి కూడాను. అమెరికా లెక్కలో ఈ నాలుగింటి ధర ఏళ్ల తరబడి 599 డాలర్ల 96 సెంట్ల దగ్గరే ఉంది. బాటా చెప్పుల ధర గుర్తొచ్చే ఆ 96 సెంట్లు చూస్తే ప్రపంచంలో ఏ బజారైనా ఒకటే అనిపిస్తుంది.

గువ్వలకు సిద్దిపేటలో కొదవ లేదు. ఏ కరెంటు తీగ మీద చూసినా జంటగా ఉంటాయి, ధర అడగవు. అక్కడ మాత్రం 2020లో 450 డాలర్లున్న జత 2023 నాటికి 750కి ఎక్కింది. ఫ్రెంచి కోళ్ల బదులు నాటుకోళ్లు తీసుకోవచ్చు. కాకపోతే ఆదివారం పొద్దున అడిగితే ఒక ధర, సోమవారం అడిగితే ఒక ధర. బాతుల గుడ్లకు బదులు కోడిగుడ్లు అనుకుంటే లెక్క ఇంకా తేలిక. గజ్వేల్ చుట్టుపక్కల కోళ్ల ఫారాలకు లోటు లేదు, గుడ్డు రేటు రోజూ పేపర్లోనే వస్తుంది. చలికాలం రాగానే అది పైకే చూస్తుంది కాబట్టి కానుక ఇచ్చేవాడు డిసెంబరును తప్పించి ప్రేమిస్తే కొంత మిగులుతుంది.

హంసలు సిద్దిపేటలో దొరకవు. కోమటి చెరువులో బోటు షికారు ఉంది, హంసలు లేవు. మన హంస శ్రీనాథుడి ‘శృంగార నైషధం’లో ఉంది. అక్కడ అది నలుడికీ దమయంతికీ మధ్య రాయబారం నడిపింది, కిరాయి తీసుకున్నట్టు ఎక్కడా లేదు. పైగా పాలనూ నీళ్లనూ వేరుచేస్తుందని దానికి పేరు. ఏడో రోజు హంసలు వచ్చి, ఎనిమిదో రోజు పాలవాళ్లు వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పాల కేంద్రంలో లాక్టోమీటరుకే మొహం చాటేసేవాళ్లు ఏడు హంసల ముందు క్యాను మూత తీస్తారా?

ఎనిమిది మంది పడుచుల దగ్గర మాత్రం నవ్వు కొంచెం తగ్గించుకోవాలి. అమెరికా జాబితాలో అందరికంటే చవకైన మనుషులు వీళ్లే. ఎనిమిది మందికీ కలిపి 58 డాలర్లు. గంటకు 7 డాలర్ల 25 సెంట్ల చొప్పున ఒక గంట కూలి. అది అక్కడి కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం. 2009 జులైలో ఆ అంకె వేశారు, నేటికీ అదే. ఆ తర్వాత చెట్టు ధర పెరిగింది, బాతుల ధర పెరిగింది, ఉంగరాల ధర పెరిగింది. 2009లో ఎనిమిది మంది పడుచులకు 58, 2025లోనూ 58. చాలా రాష్ట్రాల్లో ఇంతకంటే ఎక్కువ కూలి చట్టం ఉన్నా, బ్యాంకు ఉన్న పెన్సిల్వేనియాలో ఇంకా ఇదే అంకె. ఏటా ప్రకటన చదివే పత్రికలవాళ్లు హంసల గురించి రాస్తారు, దొరల గురించి రాస్తారు. కదలని ఈ అంకె మీద ఒక వాక్యం రాసి వదిలేస్తారు.

విచిత్రమేమంటే, పాలు అమ్మే పడుచు లేని సిద్దిపేటే లేదు. గొల్లభామ ఇక్కడి చీర మీదే నిలబడి ఉంది. తల మీద కుండ, అడుగు ముందుకు వేస్తున్నట్టు పావడా ఊపు. అంచు మీద, కొంగు మీద వరసగా నడుస్తారు. 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సిద్దిపేట గొల్లభామ ఇది. బొమ్మను అచ్చు వేయరు, కుట్టరు. చీర నేస్తుండగానే పడుగు పోగుల మధ్య రంగు పోగును చేత్తో దూర్చి, ఒక్కో వరసా పేర్చుకుంటూ పోవాలి. ముందు పాదాలు వస్తాయి, తర్వాత పావడా, నడుము, చిట్టచివరికి కుండ. ఒక వరసలో పోగు తప్పితే కుండ వంకర పోతుంది. ఇలా ఎనిమిది మందిని నేసేసరికి మగ్గం గుంటలో కూర్చున్నవాడి నడుము ఏమవుతుందో చీర మీద కనిపించదు. షాపులోకి వచ్చిన కొనుగోలుదారు మాత్రం అడిగేది ఒక్కటే: “జర తగ్గియ్యరాదే అన్నా, పవర్‌లూమ్‌ల గిట్లాంటిదే సగానికొస్తది.”

గిట్లాంటిది రాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

బొమ్మలో కాదు, నిజంగానే పాలు పితికే ఆడవాళ్లు కావాలంటే హుస్నాబాద్ దాటి ములుకనూరు దాకా వెళ్లాలి. ఇప్పుడది హనుమకొండ జిల్లా. అక్కడి స్వకృషి డెయిరీ 2000లో మొదలైంది. సభ్యులంతా మహిళలే, పాలకవర్గమూ వాళ్లదే. ప్రేమికుడు వెళ్లి ‘ఎనిమిది మందిని కానుకగా పంపండి’ అంటే ముందు కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు. తర్వాత పాలల్లో వెన్న శాతం ఎంత, లీటరుకు ఎంత, బోనస్ ఎంత అని లెక్క చెప్పి పంపిస్తారు. మనిషిని కానుకల జాబితాలో రాసేముందు ఆ మనిషి సొంతంగా బిల్లు పుస్తకం పెట్టుకుందేమో చూసుకోవడం మంచిది.

కూలి మాట వచ్చింది కాబట్టి బంగారం మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. అమెరికా జాబితాలో అయిదు ఉంగరాలు 2021లో 895 డాలర్లు. మరుసటి ఏడాది 1,245. 2025లో 1,650 దగ్గరికి వచ్చాయి. మన దగ్గర ఈ కథ చెప్పడానికి బ్యాంకు అక్కర్లేదు, ఏ సేటు దుకాణం ముందు నిలబడ్డా వినిపిస్తుంది. 1984లో తులం సుమారు రెండు వేలు. 2025 ఏప్రిల్‌లో లక్ష తాకింది. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ ద్రవ్యోల్బణం సున్నా కంటే కిందికి దిగిందని కేంద్ర గణాంకాలు చెప్పాయి. రెండూ నిజమే. కూరగాయలు దిగాయి, పుస్తెలతాడు ఎక్కింది. ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్న ఇంట్లో ఈ రెంటిలో దేన్ని లెక్కలోకి తీసుకుంటారో గణాంక శాఖ అడగదు. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ లక్ష రూపాయలతోపాటు తులం బంగారం కూడా పెళ్లికి ఇస్తామన్నప్పుడు తులం అరవై వేల పైచిలుకే. ఒక సరుకును రూపాయల్లో కాకుండా తూకంలో హామీ ఇస్తే ఏమవుతుందో ఈ పాటలోని ప్రేమికుణ్ని అడిగినా చెప్పేవాడు.

ఇంకో లెక్క. 2010 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి వంద రూపాయలు, తులం సుమారు 18,500. అంటే తులానికి 185 రోజుల కూలి. 2025-26లో తెలంగాణలో ఆ కూలి 307 రూపాయలు. తులం లక్ష అనుకున్నా 326 రోజులు. పథకం కింద ఏడాదికి ఒక కుటుంబానికి దొరికింది వంద రోజుల పని. ఇంటిల్లిపాదీ తినకుండా, తాగకుండా, బస్సెక్కకుండా మూడేళ్లకు పైగా మట్టి మోస్తే ఒక్క తులం. పాటలో ఉంగరాలు నలభై.

కానుకకూ కూలికీ ముడిపడిన క్రిస్మస్ కథ ఈ ప్రాంతంలోనే ఒకటుంది. 2016 అక్టోబరు దాకా సిద్దిపేట మెదక్ జిల్లాలోదే. ఆ మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ 1914లో చర్చి కట్టడం మొదలుపెట్టారు. కరువు రోజులు. పని కల్పించి దానికి బదులు తిండి పెట్టడం ఆ కట్టడం వెనక ఉద్దేశాల్లో ఒకటి. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న తలుపులు తెరిచారు. రంగుటద్దాల కిటికీలు ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసినవి. రాళ్లెత్తినవాళ్లు మాత్రం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. ఇవాళ్టికీ క్రిస్మస్ వారం వచ్చిందంటే సిద్దిపేట నుంచి మెదక్ పోయే బస్సులో సీటు దొరకడం కష్టం.

డిసెంబరు రాత్రుల్లో ఇక్కడి వీధుల్లో వినిపించే క్యారల్స్‌లో హంసలూ దొరలూ ఉండరు. యువకుల గుంపు, ఒక డోలక్, ఒక గిటారు, దూది గడ్డం జారిపోతుంటే ఎగదోసుకునే క్రిస్మస్ తాత, వెనకాల ఒక ఆటో. ఇంటివాళ్లు కేకు ముక్క, చాయ్, ఒక కవరు ఇస్తారు. ఏ ఇంటి ముందు ఎన్ని చరణాలు పాడాలో కవరు మందాన్ని బట్టి ఉంటుందని గిట్టనివాళ్లు అంటారు. పాడేవాళ్లు మాత్రం కుక్కల్ని బట్టి ఉంటుందని చెప్తారు.

ఇక గెంతే దొరలు. అక్కడ 2022లో వీళ్లు హంసల్నే దాటేశారు. పది మంది ధర ఒక్క ఏడాదిలో పాతిక శాతం దాకా పెరిగి 13,980 డాలర్లయింది. సిద్దిపేట ప్రాంతంలో దొరలకు ఆ గిరాకీ లేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాక గడీల గోడల మీద రావి మొక్కలు మొలిచాయి. అంతకుముందు కూడా గెంతింది దొరలు కాదు, దొరల ముందు నిలబడ్డవాళ్లు. పాట కోసం తప్పదంటే ఇదే జిల్లాలోని చేర్యాలకు పోయి నకాషీ చిత్రకారులతో పది మంది దొరల్ని ఎర్ర రంగు నేపథ్యం మీద గీయించుకోవచ్చు. తలపాగాలు, మీసాలు, పెద్ద పెద్ద కళ్లు. వీళ్లు అన్నం అడగరు, వెట్టి చేయమనరు. గోడకు వేలాడతారు, అంతే.

నాట్యమాడే తొమ్మిది మంది స్త్రీలకు ధర కట్టడం మన దగ్గర ఇంకా కష్టం. తొమ్మిది మంది ఏం ఖర్మ, సద్దుల బతుకమ్మ నాడు కోమటి చెరువు కట్ట మీద వేలమంది ఆడతారు. వాళ్లకు ఎవరూ పైసా ఇవ్వరు. తంగేడు, గునుగు కూడా నిన్నమొన్నటిదాకా ఊరి బయట ఊరికే దొరికేవే. ప్లాట్లు పడి తంగేడు చెట్లు పోయాక పువ్వు బజారుకెక్కింది, కట్టకింత అని అడుగుతున్నారు. ఒక పండుగ ఖర్చు ఎక్కడ మొదలవుతుందో పిఎన్‌సి వాళ్లకు చూపించాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు.

మనుషులు చేసే పని ఎందుకు ఖరీదవుతుందో విలియం బామోల్ అనే అమెరికా ఆర్థికవేత్త 1960ల్లోనే చెప్పాడు. వస్తువుల తయారీలో యంత్రం వస్తే ఒక్కడు పదిమంది పని చేస్తాడు. బీథోవెన్ కాలంలో నలుగురు వాయించిన కచేరీకి నేటికీ నలుగురే కావాలి, అంతసేపే వాయించాలి. మిగతా ఉద్యోగాల్లో జీతాలు పెరిగేకొద్దీ వీళ్లకూ పెంచాల్సిందే. అమెరికా పాటలో నాట్యం, వాద్యం ఏటేటా బరువెక్కడానికి ఇదీ కారణం. 2020లో కరోనాతో ప్రదర్శనలు ఆగిపోతే బ్యాంకు ఆడేవాళ్లనూ ఊదేవాళ్లనూ వాయించేవాళ్లనూ జాబితా నుంచి తీసేసింది. అంతకుముందు ఏడాది 38,993 డాలర్లున్న మొత్తం 16,168కి పడిపోయింది. అందులో 13,125 హంసలవే. పాటలో పాడేవాడు లేడు, ఆడేవాడు లేడు, ఏడు హంసలు మిగిలాయి. మన దగ్గర ఆ ఏడాది పెళ్లిళ్లకు యాభై మంది పరిమితి పెడితే ముందు రద్దయింది బ్యాండు మేళమే.

బామోల్ సూత్రం సిద్దిపేటకు వచ్చేసరికి కొంచెం తడబడుతుంది. ఇక్కడ డోలు కొట్టేవాడికి పోటీ సింఫనీ కాదు, డీజే బాక్సు. దానికి అన్నం పెట్టక్కర్లేదు, చెయ్యి నొప్పి రాదు. సన్నాయి వాళ్లనూ డప్పు వాళ్లనూ అది చాలా పెళ్లిళ్లలో గుమ్మం బయటికి నెట్టింది. దానికి లొంగని చోటు కొమురవెల్లి. మార్గశిరం చివరి ఆదివారం మల్లన్న కల్యాణం జరుగుతుంది, సంక్రాంతి తర్వాత పట్నం వారంతో జాతర ఊపందుకుంటుంది, ఉగాది దాకా ప్రతి ఆదివారం జనమే. ఒగ్గు డోలు లేకుండా అక్కడ ఏ పట్నపు ముగ్గూ పడదు. ఒగ్గుకథను దేశం ముందుకు తీసుకెళ్లిన చుక్క సత్తయ్యదీ ఈ పక్కనున్న జనగామ ప్రాంతమే.

కాబట్టి ప్రేమికుడి చిట్టీలో చివరి వస్తువు ఇక్కడ తిరుగులేకుండా దొరుకుతుంది. డిసెంబరులో వచ్చి పన్నెండు డోళ్లు మాట్లాడుకుంటానంటే బేరం ఇలా సాగొచ్చు.

“పన్నెండు మందే కావాల్నా పటేలా? మా మేళం పద్దెనిమిది.”

“పాటలో పన్నెండే ఉన్నరు.”

“అయితే పన్నెండుకే పైసలియ్యి. ఆరుగురు ఊకెనే వస్తరు. బువ్వ మాత్రం పద్దెనిమిదికి పెట్టాలె, యాట మీదనే.”